రెండు రాజీలు

రెజిమెంటల్ బజార్‌లో అల్లాబక్ష్ పరుపులు కుడతాడు. ఆ సంగతి బజార్లో సగం మందికి తెలియదు. తెలిసిన సగం మందికి గుర్తుండదు. అందరికీ గుర్తుండేది ఆయన నోరు.

మీటరు కాలిపోయి కరెంటాఫీసు చుట్టూ తిరుగుతున్నారా, బడివాళ్ళు టీసీ ఇవ్వనంటున్నారా, ఇంటివాడికీ అద్దెకున్నవాడికీ చెడిందా, అల్లాబక్ష్‌ను పిలవండి. ఆయన వచ్చి మాట్లాడతాడు. పిలుపు వినబడగానే చేతిలో దబ్బనాన్ని కుడుతున్న పరుపుకే గుచ్చేసి, గడ్డానికి అంటిన దూదిని కూడా దులుపుకోకుండా లేచిపోయేవాడు. ఆ పరుపు తాలూకు మనిషి సాయంత్రం వచ్చి, దిగబడి ఉన్న దబ్బనాన్ని చూసి, "ఇయ్యాల ఎవరి పంచాయితీ?" అని పక్క దుకాణంలో అడిగి వెళ్ళిపోయేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అల్లాబక్ష్ నోరు మంచిదే. కాకపోతే అది ఇంట్లో తక్కువ, ఊళ్ళో ఎక్కువ ఉండేది.

ఆయన తండ్రి సూర్యాపేట వైపు నుంచి దూదేకే విల్లు భుజాన వేసుకుని సికింద్రాబాద్ వచ్చినవాడు. "నమాజుకు అరబ్బీ, బజారుకు ఉర్దూ, ఆకలికి తెలుగు" అనేవాడట. ఇంట్లో వాళ్ళ భాష తెలుగే. అల్లాబక్ష్ ఉర్దూ అంతా బజార్లో ఏరుకున్నది. తాతల నాటి నుంచి ఉర్దూ మాట్లాడే కుటుంబాల వాళ్ళు ఆయన మాట విని, "భాయ్, మీ ఉర్దూలో జెర దూది ఎక్కువైంది" అని నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. లోపల మాత్రం గుచ్చుకునేది. అందుకే ఉర్దూవాళ్ళ ముందు మాట్లాడవలసి వస్తే ఒక పాలు ఎక్కువే మాట్లాడేవాడు, ఒక పాలు ఎక్కువే ఒప్పుకునేవాడు.

ఇంకో గుణం కూడా చెప్పుకోవాలి. ఎవరైనా తమ తరఫున ఒక్క ముక్క చెప్పమంటే ఆయన పది ముక్కలు చెప్పేవాడు. కూరగాయలమ్మే నాంచారమ్మ ఒకసారి మోకాలు నొప్పని ఆయన్ను వెంటబెట్టుకుని ఆస్పత్రికి పోయింది. డాక్టరుది ఉత్తరాది, తెలుగు రాదు. అల్లాబక్ష్ మోకాలుతో మొదలుపెట్టి, "మోకాలు గుంజితే నడుము గుంజకుంట ఉంటదా" అని తనకు తానే అనుకుని, నడుమునూ వెన్నునూ నిద్ర పట్టకపోవడాన్నీ కలిపి కళ్ళకు కట్టినట్టు చెప్పాడు. డాక్టరు కదిలిపోయి నడుముకు ఫొటో తీయించాడు. మోకాలు మాట మరిచిపోయాడు. నాంచారమ్మ కుంటుకుంటూ బయటికి వచ్చి, "అన్నా, నా నొప్పి నాకంటె నీకే మంచిగ తెలుసు" అంది. ఆమె ఎకసెక్కంగా అందో మెచ్చుకుందో ఆయన ఆలోచించలేదు. మెచ్చుకుందనే ఇంటికొచ్చి భార్య కాశింబీకి చెప్పాడు.

మోండా మార్కెట్‌లో తుకారాం అని ఆకుకూరలవాడు ఉండేవాడు. తండ్రి నాటి నుంచి కూర్చున్న చోటును ఇంకొకడు ఆక్రమించాడు. తగాదా పెద్దదైతే అల్లాబక్ష్‌ను మధ్యలో కూర్చోబెట్టారు. ఆయన ఇటు తెలుగు, అటు ఉర్దూ మాట్లాడి, పొద్దు వాలకముందే తేల్చేశాడు. తుకారాం వెనక వరసలోకి జరగాలి. "ఏమంటవ్ తుకారాం?" అని అడిగితే, "రాజీనే భాయ్" అన్నాడు వాడు, గోనెసంచీ దులుపుతూ, ఎవరి ముఖమూ చూడకుండా. అందరూ చాయ్ తాగారు. తుకారాం మాత్రం వెనక వరసలో ఒక్కనాడూ కూర్చోలేదు. బుట్ట తీసుకుని ఎటో వెళ్ళిపోయాడు. ఆ ‘రాజీనే’ అన్న గొంతు అల్లాబక్ష్ చెవిలో ఎక్కడో ఓ మూల పడి ఉండిపోయింది.

ఇక షాగుఫ్తా సంగతి. అల్లాబక్ష్ దుకాణానికి ఆనుకుని ఉన్న పరుపుల దుకాణం దస్తగిరిది. వరసకు అల్లాబక్ష్‌కు అన్న. దస్తగిరి పోయాక కొడుకు హుజైఫా ఫోన్ల కంపెనీలో ఉద్యోగం వదలనన్నాడు. కూతురు షాగుఫ్తా వచ్చి గద్దె మీద కూర్చుంది. ఆడపిల్ల బజార్లో కూర్చోవడమేమిటని నాలుగు రోజులు గుసగుసలాడినవాళ్ళు, ఐదో రోజు నుంచి దిండ్లు కావాలని ఆమె దగ్గరికే వచ్చారు. హాస్టళ్ళవాళ్ళు, లాడ్జీలవాళ్ళు బేరానికి వస్తే ఆమె గొంతు పెంచేది కాదు, ధర దించేది కాదు. "నచ్చితే తీస్కోండ్రి, లేకుంటె జెర తిరిగి రాండ్రి" అనేది. తిరిగి వచ్చేవారు. బజారు మొత్తంలో తన తరఫున మాట్లాడమని అల్లాబక్ష్‌ను ఒక్కసారి కూడా అడగని మనిషి ఆ పిల్ల ఒక్కతే. చూస్తే, ఆయన అందరికంటే ఎక్కువ మాట్లాడింది ఆ పిల్ల తరఫునే.

సంబంధం మంచిది. హసన్ ఏసీలు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. తల్లీతండ్రీ లేని పిల్లవాడు. మారేడ్‌పల్లిలో మేనమామ ఇంట్లో పెరిగాడు. వాళ్ళది ఉర్దూ ఇల్లు, పాత ఇల్లు. హసన్ రెండుసార్లు షాగుఫ్తాతో ఫోన్లో మాట్లాడాడు. "ఎట్లున్నడు బేటా?" అని తల్లి జైతున్ బీ అడిగితే, "మంచోడే. జెర తక్కువ మాట్లాడుతడు, అంతే" అంది. అంటూ నవ్వింది కూడా.

మాటల రోజున జైతున్ బీ ఇంట్లో అందరూ కూర్చున్నారు. మాట్లాడేవాడు అల్లాబక్షే అని వేరే చెప్పనక్కర్లేదు. మేనమామ చాయ్ కప్పు పెదవి దాకా తెచ్చి ఆపి, ఉర్దూలో మెల్లగా ఒక మాట అడిగాడు. పెళ్ళయ్యాక పిల్ల దుకాణంలో కూర్చోదు కదా?

ఆ కప్పు ఆయన పెదవికి తగలకముందే అల్లాబక్ష్ అందుకున్నాడు. "తోబా తోబా, ఏం మాట! తండ్రి లేడు గనుక నాలుగు రోజులు కూర్చున్నది గానీ, మాకేం సరదానా? ఆ దుకాణం ఇగ మూతే. పిల్ల మీ ఇంట్ల రాణీ లెక్క కూసుంటది. ఇది నా జబాన్."

ఉర్దూలో జబాన్ అంటే నాలుక. మాట అన్నా జబానే, భాష అన్నా జబానే. అల్లాబక్ష్‌కు ఆస్తి ఏదైనా ఉందంటే అదే. ఆయన జబాన్ ఇచ్చాడంటే మోండా మార్కెట్ నుంచి స్టేషన్ దాకా ఎవరూ రెండో మాట అడగరు. మేనమామ కూడా అడగలేదు. తృప్తిగా చాయ్ తాగాడు. వంటింటి తెర వెనక గ్లాసులో చక్కెర కలుపుతున్న షాగుఫ్తా చెంచా చప్పుడు మాత్రం ఆగిపోయింది. ఆ చప్పుడు ఆగడాన్ని పట్టించుకున్నది కాశింబీ ఒక్కతే.

ఇంటికి నడుస్తూ ఆమె అడిగింది. "దుకాణం మూత అన్నవ్. పిల్లను అడిగినవా?"

"అడిగేదేముంది? నా ఒళ్ళో పెరిగిన పిల్ల. దాని మనసు నాకు తెల్వదా?"

"నోరైతే ఊరందరికిచ్చినవ్, మంచిగనే ఉంది. చెవి ఎవరికిచ్చినవ్?"

అల్లాబక్ష్ గట్టిగా నవ్వాడు. ఆ మాట మర్నాడు బజార్లో తానే నలుగురికి చెప్పి నవ్వించాడు. ఆడవాళ్ళ మాటల్లోని సూది మగవాళ్ళకు గుచ్చుకోవాలంటే ముందు వాళ్ళ నవ్వు ఆగాలి.

పెళ్ళి దగ్గరపడింది. షాగుఫ్తా కొత్త ఆర్డర్లు తీసుకోవడం మానేసి, పాతవి పూర్తి చేస్తోంది. మాట తగ్గింది. పెళ్ళికూతురి సిగ్గనుకున్నాడు అల్లాబక్ష్. ఒక మధ్యాహ్నం ఆమె వచ్చి ఆయన దుకాణం మెట్టు మీద కూర్చుంది. ఆయన కుడుతున్న పరుపు అంచును ఊరికే సవరిస్తూ అడిగింది.

"చిచ్చా, ఒక మనిషి జబాన్ ఇచ్చినంక వెనకకు తీస్కోవచ్చునా?"

ఎవరో వ్యాపారి మాట తప్పాడేమో, దాని గురించి అడుగుతోందనుకున్నాడాయన. "కాలు జారితే తీస్కోవచ్చు గానీ నోరు జారితే తీస్కోలేం బేటా. వెనకకు తీస్కుంటె ఇగ ఆ మనిషికి బజార్ల ఏమున్నది? నీ చిచ్చానే చూడు. నాకు ఇల్లా, జాగనా? ఉన్న ఆస్తి ఇదొక్కటే" అని నాలుక బయటపెట్టి చూపించాడు.

షాగుఫ్తా నవ్వలేదు. "అవును చిచ్చా" అని లేచి, షట్టరు సగం దించుకుని తన దుకాణంలోకి పోయింది. అల్లాబక్ష్ తృప్తిగా దారం కొరికాడు. పిల్లకు మంచి మాట చెప్పానని ఆ పూట ఆయనకు అనిపించింది.

నికాహ్ రోజు వచ్చింది. చిన్న ఫంక్షన్ హాలు, సాయంత్రపు అసర్ నమాజు తర్వాత ముహూర్తం. మగవాళ్ళు హాల్లో, ఆడవాళ్ళు లోపలి గదిలో. నికాహ్‌లో పెళ్ళికూతురు సభలోకి రాదు. ఆమె తరఫున ఒక వకీలు, వెంట ఇద్దరు సాక్షులు ఆమె ఉన్న గదికి వెళతారు. ఫలానావాడితో, ఇంత మెహర్ సొమ్ముకు పెళ్ళి, నువ్వు రాజీయేనా అని వకీలు అడుగుతాడు. ఆమె అన్న మాట తెచ్చి కాజీకి చెబుతాడు. అప్పుడే కాజీ పెళ్ళికొడుకును కబూలా, ఒప్పుకుంటావా అని అడిగేది. ఈ వకీలుకు నల్లకోటు ఉండదు, ఉండేది నోరొక్కటే. దస్తగిరి బిడ్డకు వకీలు ఎవరన్న ప్రశ్నే రాలేదు. "దాని నాన్న లేడు భాయ్, నువ్వే దాని నోరు" అంది జైతున్ బీ.

అల్లాబక్ష్ ఇస్త్రీ షేర్వాణీలో, గడ్డంలో దూది లేకుండా, తెర పక్కన నిలబడ్డాడు. ఎన్నో పెళ్ళిళ్ళలో అడిగి అడిగి నాలుకకు అలవాటైన ఉర్దూ మాటలను గడగడా అప్పజెప్పాడు. చివర్లో, "రాజీ హో?" అన్నాడు.

తెర అవతల గాజులు కదిలాయి. కాసేపటికి షాగుఫ్తా గొంతు వచ్చింది. "రాజీనే చిచ్చా."

ఆడవాళ్ళు ముబారక్ ముబారక్ అన్నారు. సాక్షులు తలాడించారు. ఎవరో ఏడ్చారు, ఎవరో నవ్వారు. అల్లాబక్ష్ వెనుదిరిగాడు.

ఆ గది నుంచి హాలుకు చిన్న నడవ. పక్కన వంటవాళ్ళు బిర్యానీ దేగ్చాల మూతలకు పిండి అద్దుతున్నారు. నడవ సగంలో అల్లాబక్ష్ కాళ్ళు నెమ్మదించాయి. పిల్ల ‘రాజీ’ అనలేదు, ‘రాజీనే’ అంది. ఆ గొంతు ఆయన ఎక్కడో విన్నాడు. గోనెసంచీ దులుపుతూ, ముఖం చూపకుండా, తుకారాం అన్నాడు ఆ మాట.

ఆయన అడిగింది ఉర్దూ రాజీ. ఇష్టమేనా అని దానికి అర్థం. పిల్ల ఇచ్చింది ఏ రాజీ? తెలుగులో రాజీ అంటే ఇష్టం కాదు. ఓడినవాడు, కొట్లాడే ఓపిక లేనివాడు, పదిమంది కోసం తన పాలు వదులుకునేవాడు అనే మాట అది. ఆ రాజీలు ఆయన బతుకంతా చేయించాడు. ఇంట్లో తెలుగు, పెళ్ళిలో ఉర్దూ మాట్లాడే తమలాంటి వాళ్ళకు తప్ప ఈ గండం ఇంకెవరికీ రాదు. ఒకే మాట, ఒకే గొంతు. మోసుకెళ్ళేవాడు ఏ భాషలో దించితే ఆ అర్థం.

మాటల రోజున వంటింట్లో చెంచా చప్పుడు ఆగడం ఇప్పుడు వినబడింది ఆయనకు. ఇన్నాళ్ళకు వినబడింది. మెట్టు మీద కూర్చుని పిల్ల అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. దానికి తను నాలుక చాపి చూపించడం గుర్తొచ్చింది. 

హాల్లో కాజీ కలం తీసి సిద్ధంగా ఉన్నాడు. "బోలియే వకీల్ సాబ్."

అల్లాబక్ష్ నోరు తెరిచాడు.  అందరూ చూస్తున్నారు. మేనమామ చూస్తున్నాడు. ముఖం మీది పూల సెహ్రా వెనక నుంచి హసన్ చూస్తున్నాడు. ‘రాజీ’ అంటే చాలు. అది అబద్ధం కూడా కాదు, పిల్ల అన్న మాటే. ఇద్దరు సాక్షులు విన్న మాటే. రేపు ఎవరూ వేలెత్తి చూపలేరు. ఇన్నేళ్ళు ఒకటి అడిగితే పది చెప్పినవాడికి ఈ ఒక్క మాటా నాలుక దాటలేదు.

"ఒక్క నిమిషం హజ్రత్" అని వెనక్కి తిరిగాడు. హాల్లో ఒక్కసారి గుసగుసలు లేచాయి.

తెర దగ్గరికి వచ్చి ఈసారి తెలుగులో అడిగాడు. గొంతు తగ్గించి, దుకాణంలో అడిగినట్టు. "బేటా, నువ్వు ఏ రాజీ అన్నవ్? ఉర్దూదా, తెలుగుదా?"

గదిలో ఆడవాళ్ళకు అర్థం కాలేదు. షాగుఫ్తాకు అర్థమైంది. 

"తెలుగుదే చిచ్చా."

"హసన్ నచ్చలేడా?"

"నచ్చిండు. దుకాణం మూత అన్నరు గద మీరు. అది నాకు కానేకాదు. కానీ మీరు జబాన్ ఇచ్చిన్రు. అది పోతె మీ ఇజ్జత్ పోతది. అందుకే రాజీ పడ్డ."

"నాతోని చెప్పొచ్చు గదనే."

"చెప్పిన. వచ్చి అడిగిన. ఉన్న ఆస్తి అదొక్కటే అన్నరు."

అల్లాబక్ష్ తెర బట్టను పట్టుకున్నాడు.  ఏ పిల్ల తన తరఫున ఒక్క మాట చెప్పమని అడగలేదో, ఆ పిల్ల ఆయన మాట నిలబెట్టడానికి తన బతుకు మూసుకుంటోంది. ఇంతకంటే సిగ్గు ఆయన అరవై ఏళ్ళలో ఎరగడు.

జైతున్ బీ ఏడుస్తూ వచ్చి చేయి పట్టుకుంది. "భాయ్, నడువు. నికాహ్ కానియ్యి. దుకాణం సంగతి తర్వాత మెల్లగ మాట్లాడుకుందాం."

తర్వాత మాట్లాడుకుందామని ఆయనే ఎందరికి చెప్పాడో. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆయన మెల్లగా ఆమె చేయి విడిపించుకున్నాడు.

హాల్లో నిలబడి, తనకొచ్చిన దూది ఉర్దూలోనే చెప్పాడు. పిల్లకు పెళ్ళికొడుకు సమ్మతమే, దుకాణం మూయడం సమ్మతం కాదు. మూస్తుందన్న మాట తను అన్నది, ఆమె అనలేదు. ఆ షరతు ఉంటే ఆమె రాజీ కాదు.

మేనమామ లేచి నిలబడ్డాడు. "మీరు జబాన్ ఇచ్చారు."

"ఇచ్చిన. నాది కాని జబాన్ ఇచ్చిన" అన్నాడు అల్లాబక్ష్. ఈ ముక్క తెలుగులో వచ్చేసింది.

కాజీ ముసలివాడు, తొందర లేనివాడు. కలం మూత పెట్టేశాడు. "పిల్ల మనస్ఫూర్తిగా ఒప్పుకోకుండా నేను నికాహ్ చదవను. వకీలు సరిగ్గానే చేశాడు" అన్నాడు. తర్వాత హసన్ వైపు తిరిగాడు. "దుల్హే మియా, విన్నారుగా. మీరేమంటారు?"

హసన్ సెహ్రా పక్కకు తొలగించాడు. పెదవులు విడ్డాయి. అంతలో మేనమామ అందుకున్నాడు. "వాడనేదేముంది? వాడి మనసు నాకు తెలియదా? నా మాటే వాడి మాట."

ఆ మాట విని అల్లాబక్ష్ ఉలిక్కిపడ్డాడు. అచ్చం తన గొంతే. "పిల్లగాన్ని చెప్పనియ్యుండ్రి" అన్నాడు బతిమాలుతున్నట్టు. హసన్ మేనమామను చూశాడు. పెంచిన చేతులను చూశాడు. తల దించుకున్నాడు. ఆడపిల్ల మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టేనని అనుకునే అలవాటు ఊరందరికీ ఉంది. మగపిల్లవాడు మౌనంగా ఉంటే ఏమనుకోవాలో ఎవరూ చెప్పలేదు. ఆ మౌనంలోంచే పెళ్ళివారు చెప్పులు వెతుక్కుని, ఒకరి వెనక ఒకరు కార్లెక్కి వెళ్ళిపోయారు.

పిండి అద్దిన దేగ్చాలు అట్లాగే ఉన్నాయి. హుజైఫా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. "చిచ్చా, ఒకసారి మాట్లాడి ముంచిన్రు. రెండోసారి సుత మాట్లాడే ముంచిన్రు. మా ఇంటికి మీ నోరు ఇగ చాలు" అన్నాడు.  కాశింబీ వచ్చి ఆయన్ను ఇంటికి తీసుకుపోయింది. 

ఆ తర్వాత బజారు ఆయన్ను పిలవడం మానేసింది. జబాన్ ఇచ్చి పెళ్ళి పందిట్లో వెనక్కి తీసుకున్న మనిషిని ఎవరు పిలుస్తారు? నాంచారమ్మ ఆస్పత్రికి కోడల్ని వెంటబెట్టుకుని, ఆయన దుకాణం ముందు నుంచే తల తిప్పుకుని పోయింది. కుర్రకారు ‘రాజీ భాయ్’ అని పేరు పెట్టారు. పరుపులు మాత్రం వేళకు పూర్తవుతున్నాయి. దబ్బనం ఒక్కసారి కూడా మధ్యలో ఆగడం లేదు. అది ఆయనకు శిక్షలా ఉంది.

షాగుఫ్తా రెండు రోజులు ఇంట్లో ఉండి, మూడో రోజు వచ్చి షట్టరెత్తింది. చేతుల మెహందీ ఇంకా ఎర్రగానే ఉంది. కొనడానికి వచ్చినవాళ్ళు దిండ్లను తక్కువ, ఆమె చేతులను ఎక్కువ చూశారు. ఆమె ధర దించలేదు. కానీ పక్క దుకాణం వైపు చూడనూ లేదు. ఆమె తనను తిట్టుకుంటోందో, మెచ్చుకుంటోందో, రాత్రి ఏడుస్తోందో అల్లాబక్ష్‌కు అంతు చిక్కలేదు. ఇంతకుముందైతే తెలుసనే అనుకునేవాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగడం ఆయనకు అలవాటు లేని పని. చెప్పడమే అలవాటు. వారం పాటు నాలుక మీదే నానబెట్టుకుని, చివరికి ఒక పొద్దున అడిగాడు.

"బేటా, నా మీద కోపమున్నదా?"

ఆమె దూది తూకం వేస్తూ తల ఎత్తకుండానే అంది. "ఉన్నది చిచ్చా. పెండ్లి ఆగిందని కాదు. అంతకుముందు అడగలేదని. అది ఎప్పుడు పోతదో నాకే తెల్వదు. మీరు మాత్రం పోయిందని ఎవరికీ చెప్పకుండ్రి."

"చెప్ప" అన్నాడు. అంతే అన్నాడు. ఆయన బతుకులో అంత చిన్న జవాబు అదే మొదటిది.

ఒక సాయంత్రం చినుకులు పడుతున్నాయి. బజార్లో పలచగా ఉన్నారు జనం. కంపెనీ చొక్కాలోనే, భుజాన పనిముట్ల సంచీతో, హసన్ వచ్చాడు. షాగుఫ్తా దుకాణం ముందు అడుగు ఆగి, లోపలికి చూసి, చూపు తిప్పేసుకుని, నేరుగా అల్లాబక్ష్ మెట్టు దగ్గరికి వచ్చాడు.

"సలాం చిచ్చా" అన్నాడు ఉర్దూలో. చాలాసేపు మాటలు వెతుక్కున్నాడు. "ఆ రోజు నేను చెప్పలేకపోయాను. దుకాణం తెరిచి ఉంటే నాకేం అభ్యంతరం లేదు. మామూను ఒప్పించడానికి టైమ్ పడుతుంది. మీరు... మీరు ఆమెతో చెప్పండి. మీకు మాట్లాడటం వచ్చు."

అల్లాబక్ష్ నాలుక లేచి నిలబడింది. ఎంత తియ్యటి మాట తెచ్చాడు పిల్లవాడు. తను పక్కకు అడుగేసి, దీనికి నాలుగు ముక్కలు చేర్చి చెబితే, ఆ పిల్ల ముఖం వెలగదా? జైతున్ బీ కళ్ళ నీళ్ళు ఆగవా? బజారు మళ్ళీ పిలవదా? హుజైఫా మళ్ళీ చిచ్చా అనడా? చేయి మోకాలి మీద మోపి లేవబోయాడు కూడా. లేవబోయి, పరుపుకు గుచ్చబోతున్న దబ్బనం వైపు చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"నాకు చాత కాదు బేటా" అన్నాడు. "ఆమె గక్కడనే ఉన్నది. పోయి నువ్వే చెప్పు."

"నా వల్ల కాదు చిచ్చా. ఏమని మొదలుపెట్టాలి?"

అల్లాబక్ష్ జవాబు చెప్పలేదు. తెలిసీ చెప్పలేదు. దారాన్ని పళ్ళ మధ్య పెట్టుకుని బిగించి పట్టుకున్నాడు, నోరు తనంతట తాను తెరుచుకుంటుందేమోనని భయపడి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ పిల్లవాడు ఇట్లాగే వెళ్ళిపోతే, ఆ పాపం మాట్లాడనందుకు తనదే అవుతుంది. మాట్లాడినా తనదే, మాట్లాడకపోయినా తనదే.

హసన్ కాసేపు చూశాడు. సంచీ ఇంకో భుజానికి మార్చుకున్నాడు. స్టేషన్ వైపు తిరిగి రెండడుగులు వేశాడు. అప్పుడు పక్క దుకాణంలోంచి షాగుఫ్తా గొంతు వినిపించింది, గొంతు పెంచకుండానే.

"చెప్పేది ఏమన్న ఉంటె నాకు చెప్పుండ్రి. వాన తగ్గేదాక దుకాణం తెరిచే ఉంటది."

హసన్ వానలో నిలబడిపోయాడు. అల్లాబక్ష్ దారం కొరికి, తల వంచుకుని, పరుపు అంచు కుట్టుకోసాగాడు.